జెడ్‌ఏసీఎన్ జీన్‌లో మార్పు ఉందని రిపోర్ట్ వచ్చింది. మా బాబు ఫిట్స్‌కి కారణం అదేనా? జింక్ సిరప్ ఇస్తే తగ్గుతుందా?

మీ ప్రశ్నా, దాని కింద మీరు రాసిన వివరాలూ చదివానండీ. మిగతా వాళ్లకి అర్థం కావడానికి రెండు ముక్కల్లో చెప్తాను. బాబుకి నాలుగేళ్లు. ఏడాదిన్నర వయసు నుంచి ఫిట్స్ వస్తున్నాయి, మాటలు ఆలస్యం. మీది మేనరికం, మీవారు మీకు సొంత మేనత్త కొడుకు. ఎక్సోమ్ టెస్ట్ (ప్రోటీన్ తయారుచేసే జీన్ల భాగాలన్నీ ఒకేసారి చదివే పరీక్ష) చేయిస్తే జెడ్‌ఏసీఎన్ అనే జీన్‌లో హోమోజైగస్ మార్పు, అంటే రెండు కాపీల్లోనూ ఒకేలాంటి మార్పు, ఉందనీ, అది వీయూఎస్, అంటే మంచిదో చెడ్డదో తేలని మార్పు అనీ రిపోర్ట్ వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఈ జీన్ "జింక్‌తో తెరుచుకునే ఛానల్" అని కనిపించింది. అందుకని మూడు విషయాలు అడిగారు: జబ్బుకి ఇదే కారణమా, జింక్ ఇస్తే తగ్గుతుందా, రెండో బిడ్డ కడుపులో ఉండగానే ఈ మార్పు కోసం పరీక్ష చేయించవచ్చా.

సూటిగా చెప్పేస్తాను. ఇదే కారణం అనడానికి ఆధారం లేదు. దీన్ని చూసి జింక్ మొదలుపెట్టకండి. ఈ ఒక్క మార్పును పట్టుకుని గర్భంలో పరీక్ష అసలు చేయించకండి. మూడింట్లో అన్నిటికన్నా గట్టిగా చెప్పేది చివరిదే. ఎందుకో కింద రాస్తాను. నేను జన్యు వ్యాధుల క్లినిక్‌లో పనిచేస్తాను, ఇలాంటి రిపోర్ట్ చేతపట్టుకుని వచ్చే తల్లిదండ్రులను దాదాపు ప్రతి వారమూ చూస్తాను.

ముందు మీ రిపోర్ట్ మరోసారి తీయండి. జీన్ పేరు, మార్పు, ఒక కాపీనా రెండు కాపీలా, దాని వల్ల వచ్చే వ్యాధి, వర్గీకరణ అని వరుసగా గడులున్న పట్టిక ఒకటి ఉంటుంది. అందులో "వ్యాధి" అన్న గడిలో ఏముందో చూడండి. చిన్న గీత గానీ, "ఇంతవరకు నమోదు కాలేదు" అన్న మాట గానీ ఉంటుంది. చాలామంది "హోమోజైగస్" అన్న పదం దగ్గరే ఆగిపోయి టెన్షన్ పడతారు. ఆ రిపోర్ట్ మొత్తంలో మీకు నిజంగా పనికొచ్చే సమాచారం ఆ గీతలోనే ఉంది. ఫలానా జీన్ చెడితే ఫలానా జబ్బు వస్తుందని తేల్చిన జీన్ల జాబితాలో జెడ్‌ఏసీఎన్ లేదు.

ఇందులో తేడా ఒకటి గమనించాలి. వీయూఎస్ అనేది రెండు రకాలుగా వస్తుంది. జీన్‌కీ జబ్బుకీ సంబంధం గట్టిగా తేలి ఉండి, మీ బాబులో ఉన్న మార్పు ఒక్కటే తేలకపోవడం మొదటి రకం. ఉదాహరణకి ఎస్‌సీఎన్1ఏ జీన్. అది చెడితే డ్రావెట్ అనే తీవ్రమైన మూర్ఛ వస్తుందని అందరికీ తెలుసు. అందులో కొత్త మార్పు కనిపిస్తే నేను తప్పకుండా వెంటపడతాను. రెండో రకంలో జీన్‌కే జబ్బుతో సంబంధం తేలలేదు. మార్పు ఎంత అరుదైనదైనా, కంప్యూటర్ దాన్ని ఎంత హానికరం అన్నా, అది వీయూఎస్‌ని దాటి పైకి పోదు. మీది ఈ రెండో రకం. 2015లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర కాలేజీ ఇచ్చిన మార్గదర్శకాలనే మన దేశంలో ల్యాబులూ వాడతాయి. వీయూఎస్ మీద ఆధారపడి వైద్య నిర్ణయాలు తీసుకోకూడదని వాటిలోనే ఉంది.

అయితే ఈ జీన్ రిపోర్ట్‌లోకి ఎలా ఎక్కింది అంటారా? దానికి ఈ ఛానల్ సంగతి కాస్త తెలియాలి.

కణం పొర మీద అయాన్లు (సోడియం, పొటాషియం లాంటివి) లోపలికీ బయటికీ పోవడానికి ద్వారాలుంటాయి. కొన్ని ద్వారాలకు ఒక రసాయనం వచ్చి తగిలితేనే తెరుచుకుంటాయి. అలాంటి వాటిలో ఒక పెద్ద కుటుంబం ఉంది. అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనానికి తెరుచుకునే నికోటినిక్ గ్రాహకాలు, గాబా-ఏ గ్రాహకాలు, గ్లైసిన్ గ్రాహకాలు, సెరటోనిన్ గ్రాహకాల్లో 5-హెచ్‌టీ3 రకం, ఇవన్నీ అందులోవే. ఐదు ముక్కలు గుండ్రంగా కూడి, మధ్యలో దారి వదులుతాయి. మనిషి జీనోమ్ చదవడం పూర్తవుతున్న రోజుల్లో ఇదే పోలికలతో ఇంకో జీన్ దొరికింది. 17వ క్రోమోజోమ్ పొడవు చేయి మీద, 17క్యూ25 అనే చోట. దాన్ని కణాల్లో పెట్టి ఏ రసాయనానికి తెరుచుకుంటుందో చూస్తే, అలవాటైన నాడీ రసాయనాలేవీ కాకుండా జింక్‌కి తెరుచుకుంది. 2003లో ఆ సంగతి ప్రచురించారు. ఆ తర్వాత 2016లో వచ్చిన పనిలో ఇంకో విశేషం బయటపడింది: రాగి, ఆమ్లం ఈ రెండూ కూడా దీన్ని తెరుస్తాయి, అదీ జింక్ కన్నా తేలిగ్గా. దీని గుండా సోడియం, పొటాషియం పోతాయి, కాల్షియం పోదు. ఏదీ తగలకపోయినా కొంత తెరుచుకునే ఉంటుంది. మెదడు, వెన్నుపాము, క్లోమం, థైరాయిడ్, ప్రోస్టేట్, శ్వాసనాళం లాంటి చోట్ల దీని ఆర్‌ఎన్‌ఏ, అంటే జీన్ అక్కడ పనిలో ఉందనడానికి గుర్తు, కనిపించింది. ఇంత తెలిసినా, శరీరంలో ఇది రోజూ చేసే పని ఏమిటన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు ల్యాబ్ వైపు నుంచి చూడండి. మీ బాబు గురించి "ఫిట్స్, మాటల ఆలస్యం" అని రాసిచ్చారు. సాఫ్ట్‌వేర్ దానికి సరిపోయే జీన్లు వెతుకుతుంది. జెడ్‌ఏసీఎన్ అయాన్ ఛానల్, మెదడులో ఉంది, దాని బంధువులు మూర్ఛకి పేరుమోసినవి. వంశపారంపర్య మూర్ఛకి మొట్టమొదట దొరికిన జీన్, 1995లో, నికోటినిక్ గ్రాహకానిదే: సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ4. నిద్రలో వచ్చే ఒక రకం ఫిట్స్‌కి అది కారణం. 2001లో గాబా గ్రాహకం జీఏబీఆర్‌జీ2 వచ్చింది. అంతకుముందు 1993లో గ్లైసిన్ గ్రాహకం జీఎల్‌ఆర్‌ఏ1 దొరికింది. అది చెడిన పసిబిడ్డలు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి కొయ్యలా బిగుసుకుపోతారు. ఫిట్స్ అనుకుని మందులు మార్చి మార్చి వాడతారు, తీరా క్లోనజెపామ్ అనే మందుతో కుదుటపడతారు. ఇలాంటి చుట్టాలున్న జీన్ కనుక మన జెడ్‌ఏసీఎన్ మీదా అనుమానం పడింది. ఊళ్లో దొంగతనం జరిగితే పాత దొంగ తమ్ముణ్ని కూడా స్టేషన్‌కి పిలిచినట్టు. పిలిచారు గానీ, వాడి మీద కేసేమీ లేదు.

బంధువులు జబ్బు తెస్తే ఇదీ తేవాలిగా అనిపించడం సహజం. కానీ ఇది ఆ కుటుంబంలో చాలా దూరపు చుట్టం. జీన్ వరుసను మిగతా వాటితో పోలిస్తే పోలిక చాలా తక్కువ. పైగా ఎలుకల్లో, చుంచుల్లో ఈ జీన్ అసలు లేదు. ఈ విషయం రెండు రకాలుగా ముఖ్యం. మొదటిది, అది లేకుండానే ఆ జంతువుల మెదడు మామూలుగానే పనిచేస్తోంది. దీన్నిబట్టి మనిషికీ అక్కర్లేదని తేల్చేయలేం గానీ, "ఇది లేకపోతే మెదడు నడవదు" అనే వాదన మాత్రం బలహీనపడుతుంది. రెండోది, ఒక జీన్‌కి జబ్బుతో సంబంధం ఉందో లేదో చూడాలంటే మామూలుగా చుంచులో ఆ జీన్ తీసేసి ఏమవుతుందో చూస్తారు. ఇక్కడ తీయడానికే లేదు. మిగతా జీన్ల గురించి వందలకొద్దీ పేపర్లుంటే దీని గురించి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక హోమోజైగస్ సంగతి. మిమ్మల్ని భయపెట్టింది అదేనని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. "తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడిపోయాయట" అని రాశారు. రెండూ మారాయి, చెడిపోయాయని రిపోర్ట్‌లో లేదు.

లెక్క చూద్దాం. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే, పుట్టే బిడ్డ జీనోమ్‌లో సగటున 16వ వంతు భాగంలో రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి అచ్చంగా ఒకేలా ఉంటాయి. మేనమామనే చేసుకుంటే 8వ వంతు. మనిషికి ప్రోటీన్ తయారుచేసే జీన్లు సుమారు 20,000. అందులో 16వ వంతు అంటే 1,200 పైచిలుకు. ఆ 1,200 జీన్లలో మీ తాతగారి దగ్గరో నాయనమ్మ గారి దగ్గరో ఏ అరుదైన మార్పు ఉన్నా, బాబు దగ్గరికి వచ్చేసరికి అది హోమోజైగస్‌గా కనిపిస్తుంది. అందులో చాలా మార్పులకి జబ్బుతో పనేమీ ఉండదు. మేనరికపు ఇళ్లలో ఎక్సోమ్ చేస్తే హోమోజైగస్ వీయూఎస్‌లు మూడో నాలుగో రావడం మాకు మామూలే. మీకు ఒక్కటే రాసిచ్చారంటే ల్యాబ్ వాళ్లు మిగతావి వడగట్టి ఉంటారు.

దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మార్పు అరుదైనదా కాదా అని చూడడానికి ల్యాబులు ఎక్కువగా నోమాడ్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌ను చూస్తాయి. అందులో దక్షిణాసియా వాళ్లున్నారు గానీ, మన దగ్గర తరతరాలుగా ఒకే శాఖలో పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన వందలాది సమూహాలకు అందులో సరైన చోటు లేదు. ప్రపంచం మొత్తంలో అరుదుగా కనిపించే మార్పు ఒక కులంలో చాలామందికి ఉండవచ్చు. అందరికీ తెలిసిన ఉదాహరణ ఆర్యవైశ్యుల్లో కనిపించే బీసీహెచ్‌ఈ జీన్ మార్పు. అది ఉన్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్‌కోలిన్ అనే, కండరాలను సడలించే మందు వాడితే మాత్రం కండరాలు చాలాసేపు తేరుకోవు, ఊపిరి నిలిచిపోతుంది. అలాగే మీ బాబులో కనిపించిన మార్పు మీ వాళ్లలో ఎంతమందికి ఉందో నోమాడ్ చెప్పలేదు. అందుకే మన దేశపు సమాచారంలో కూడా చూడమని ల్యాబ్‌ను అడగాలి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్ల ఇండిజీన్ డేటాబేస్‌లో 1,029 మంది జీనోమ్‌లున్నాయి, పెద్ద ల్యాబులకి తమ సొంత లెక్కలూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఇదే మార్పు హోమోజైగస్‌గా కనిపిస్తే, అంత తీవ్రమైన చిన్నపిల్లల మూర్ఛకి ఇది కారణమన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది.

ఇప్పుడు జింక్. ఈ విషయంలో కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

"జింక్‌తో తెరుచుకునే ఛానల్ చెడింది, కాబట్టి జింక్ ఇస్తే బాగుపడుతుంది" అన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొదటి మెట్టే లేదు, ఛానల్ చెడిందని ఎవరూ చూపలేదు. ఒకవేళ చెడినా, అది తక్కువగా తెరుచుకుంటోందో ఎక్కువగా తెరుచుకుంటోందో తెలియదు. ఎక్కువగా తెరుచుకుంటుంటే జింక్ ఇవ్వడం పొయ్యిలో నెయ్యి పోయడమే. మూడోది మోతాదు. ప్రయోగశాలలో ఈ ఛానల్‌ను సగం మేర తెరవడానికి సుమారు 500 మైక్రోమోలార్ (ద్రవంలో ఎంత కలిసి ఉందో చెప్పే కొలత) జింక్ కావలసి వచ్చింది. మన రక్తంలో ఉండేది 11 నుంచి 18 మైక్రోమోలార్, అందులోనూ ఎక్కువ భాగం ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. అంటే దాదాపు 28 నుంచి 45 రెట్ల తేడా. మెదడులో నరాల కొసల దగ్గర జింక్ ఒక్కోసారి ఎక్కువగా విడుదలవుతుంది, నిజమే. దాన్ని అక్కడి కణాలే బుడగల్లో దాచుకుని వదులుతాయి. మీరు చెంచాతో తాగించిన సిరప్ సరాసరి వెళ్లి అక్కడ చేరదు.

సరే, పనిచేయకపోయినా నష్టం లేదుగా అంటారు. నష్టం ఉంది. ఇలాగే ఏదో రిపోర్ట్ చూసి ఎవరో సలహా ఇస్తే, ఒక పాపకి నెలల తరబడి రోజూ జింక్ పోశారు ఇంట్లో. మా దగ్గరికి వచ్చింది ఫిట్స్ కోసం కాదు, పాప తెల్లగా పాలిపోయి నీరసపడిందని. హిమోగ్లోబిన్ తగ్గింది, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ బాగా పడిపోయాయి. ఐరన్ ఇచ్చినా లేవలేదు. రాగి పరీక్ష చేస్తే అడుగంటి ఉంది. జింక్ ఎక్కువైతే పేగులు రాగిని పీల్చుకోనివ్వవు, రాగి తగ్గితే రక్తం తయారీ మందగిస్తుంది, ఇంకా ముదిరితే వెన్నుపాము కూడా దెబ్బతింటుంది. జింక్ ఆపి రాగి ఇచ్చాక కోలుకుంది. విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్‌తో పాటు డాక్టర్ రాసే జింక్ వేరు. డాక్టర్ చెప్పిన మోతాదులో, 10 నుంచి 14 రోజులు, అంతే. అది వాడండి, అందులో అనుమానం లేదు. ఆపకుండా నెలల తరబడి పోయడం గురించే నా గొడవంతా.

జింక్‌తో నిజంగా నయమయ్యే జన్యు జబ్బు ఒకటుంది. అది ఎస్‌ఎల్‌సీ39ఏ4 జీన్‌ది. పేగుల నుంచి జింక్ రక్తంలోకి చేరదు. తల్లిపాలు మాన్పించే సమయంలో నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, చేతులూ కాళ్ల కొసల మీద ఎర్రగా పుండ్లు పడతాయి, విరేచనాలు, జుట్టు ఊడడం ఉంటాయి. జింక్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే పుండ్లు మానిపోవడం చూస్తే అద్భుతంలా ఉంటుంది. జీవితాంతం వాడాలి. మీరు చెప్పిన దాంట్లో బాబుకి ఇవేవీ లేవు, జీన్ కూడా వేరు.

ఇంటర్నెట్ గురించి ఇక్కడే రెండు హెచ్చరికలు. జెడ్‌ఏసీఎన్‌ను పొట్టిగా జెడ్‌ఏసీ అంటారు. అదే పొట్టిపేరు పీఎల్‌ఏజీఎల్1 అనే వేరే జీన్‌కీ ఉంది. అది 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పుట్టిన కొద్ది రోజుల్లోనే వచ్చి తర్వాత తగ్గిపోయే ఒక రకం షుగర్ జబ్బుకీ, క్యాన్సర్ పరిశోధనకీ దాని పేరు వినిపిస్తుంది. మీరు "జెడ్‌ఏసీ జీన్" అని వెతికితే వచ్చేదంతా దాని గురించే. మీ ప్రశ్నలో "షుగర్ కూడా వస్తుందట కదా" అని ఒక మాట ఉంది, అది అక్కడి నుంచే వచ్చి ఉండాలి. దాన్ని మనసులోంచి తీసేయండి. రెండోది, కొన్ని వెబ్‌సైట్లలో ప్రతి జీన్ కిందా "సంబంధమున్న వ్యాధులు" అని ఒక జాబితా ఉంటుంది. పేపర్లలో జీన్ పేరూ జబ్బు పేరూ ఒకేచోట కనిపిస్తే చాలు, కంప్యూటర్ వాటిని జత చేసేస్తుంది. నిజంగా చూడవలసింది క్లిన్‌జెన్, జెన్‌సీసీ లాంటివి. అక్కడ మనుషులు కూర్చుని ఆధారాలు తూచి రాస్తారు.

గర్భంలో పరీక్ష. ఎందుకు వద్దంటున్నానో ఒక కుటుంబం కథ చెబితే తెలుస్తుంది. వాళ్లదీ మేనరికమే. మొదటి పాపకి ఇలాంటి జబ్బే, ఇలాగే సంబంధం తేలని జీన్‌లో హోమోజైగస్ వీయూఎస్. ఇంకెక్కడో రెండో కాన్పులో ఉమ్మనీరు తీసి అదే మార్పు కోసం చూశారు. బిడ్డకి ఒక కాపీనే ఉంది, భయం లేదన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాబు పుట్టాడు, పది నెలలకి ఫిట్స్ మొదలయ్యాయి. అసలు కారణం వేరే జీన్‌లో ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. దీనికి తలకిందులుగా కూడా జరగవచ్చు. ఆ పరీక్షలో రెండు కాపీలూ ఉన్నాయని వస్తే, ఆరోగ్యంగా పుట్టాల్సిన బిడ్డను వద్దనుకునేవారు. అబద్ధపు ధైర్యం, అబద్ధపు భయం రెండూ ఈ పరీక్షలోనే ఉన్నాయి. అసలు కారణం దొరికాక అయితే, 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడడం చాలా మంచి మార్గం. దొరక్కముందు కాదు.

మరి కారణం దొరక్కపోతే మళ్లీ వచ్చే అవకాశం ఎంత? దాచకుండా చెప్పాలంటే, మీది మేనరికం కనుక బాబు జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరో కాపీ రావడం వల్ల వచ్చినదైతే, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు. బాబులో కొత్తగా పుట్టిన మార్పు వల్ల అయితే దాదాపు ఏమీ లేదు. ఏ రకమో తెలియకుండా ఒకే అంకె చెప్పడం కుదరదు. అందుకే రెండో కాన్పుకి తొందరపడే ముందు కారణం వెతకడానికి కొంత సమయం ఇవ్వమంటాను. గర్భం వచ్చాక వెతకడం మొదలుపెడితే వారాలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాలి, ల్యాబులు అంత వేగంగా కదలవు.

వెతకడం అంటే ఏం చేయాలి? నా వరుస ఇది, మీ డాక్టర్ గారు కొంచెం అటూ ఇటూ మార్చవచ్చు.

మొదట, మందుతోనో పథ్యంతోనో నయమయ్యే మూర్ఛలు ఉన్నాయేమో చూడాలి. జీన్ రిపోర్ట్ కోసం ఎదురుచూసే లోపు కూడా ఇవి చేయవచ్చు. బయోటినిడేజ్ పరీక్ష మామూలు రక్త పరీక్షే. ఆ లోపం ఉంటే బయోటిన్ మాత్రతో పిల్లలు నిలబడతారు. విటమిన్ బీ6కి లొంగే మూర్ఛ ఇంకొకటి, అది ఎక్కువగా పుట్టిన కొత్తలోనే మొదలవుతుంది గానీ ఆలస్యంగా వచ్చినవీ ఉన్నాయి. మూడోది గ్లూట్1 లోపం. రక్తంలో గ్లూకోజ్ బాగానే ఉంటుంది, మెదడులోకి పోదు. వెన్ను నుంచి నీరు తీసి అందులో గ్లూకోజ్, అదే సమయంలో రక్తంలో గ్లూకోజ్ రెండూ కొలవాలి. మా దగ్గర ఒక బాబుకి ఎక్సోమ్‌లో మీలాగే ఏదో తేలని జీన్ వచ్చింది, అందరూ దాని వెనకే పడ్డారు. పొద్దున్న టిఫిన్‌కి ముందే ఫిట్స్ ఎక్కువగా వస్తున్నాయని వాళ్లమ్మ అన్న ఒక్క మాటతో వెన్నునీరు చేయించాం. గ్లూకోజ్ 32 ఉంది, రక్తంలో 88. గ్లూట్1 జీన్‌లో చిన్న ముక్క ఎగిరిపోవడాన్ని ఎక్సోమ్ పట్టుకోలేదు. కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండే పథ్యం) పెట్టాక ఫిట్స్ బాగా తగ్గాయి. మీ బాబుకి కూడా ఎప్పుడు వస్తున్నాయి, తిన్నాకనా, ఖాళీ కడుపుతోనా, జ్వరంలోనా, నిద్రలోనా అని ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. ఫోన్‌లో వీడియో తీయండి. మీ జీన్ రిపోర్ట్ కన్నా ఆ వీడియోనే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత ల్యాబ్‌ను మీ డేటా అడగండి. డబ్బు కట్టింది మీరు, ముడి డేటా మీకు రావాలి. హార్డ్‌డిస్క్‌లో గానీ లింక్‌లో గానీ ఇస్తారు. కొన్నిచోట్ల కొంతకాలం తర్వాత చెరిపేస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. ఏడాదీ రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చూపిస్తే, మొదట్లో జవాబు దొరకని వాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి కొత్తగా దొరుకుతుంది. ఆ లోపు కొత్త జీన్లు బయటపడడమే దానికి ముఖ్య కారణం. డేటా మళ్లీ చూసేటప్పుడు జెడ్‌ఏసీఎన్ పొరుగునే ఉన్న ఈఎక్స్‌ఓసీ7ను కూడా చూడమనండి. అది రెండు కాపీలూ చెడితే ఫిట్స్, ఎదుగుదల లోపం వస్తాయని 2020లో తేలింది. మేనరికంలో ఒకేలా ఉండే ముక్క ఒక్క జీన్‌తో ఆగదు, పక్కనున్న జీన్లన్నీ కలిసే వస్తాయి. బాబుకి జెడ్‌ఏసీఎన్ దగ్గర రెండు కాపీలూ ఒకటే అయితే, పొరుగు జీన్ కూడా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. చాలావరకు అక్కడ ఏమీ ఉండకపోవచ్చు, కానీ చూడడానికి ఖర్చేమీ లేదు.

మీ ఇద్దరి రక్తం ఇచ్చి ఈ మార్పు మీలో ఉందా అని చూపించుకోమని ల్యాబ్ చెప్పి ఉంటుంది. చేయించుకోవచ్చు, కానీ ఏం ఆశించాలో ముందే తెలుసుకోండి. మీ ఇద్దరికీ ఒక్కో కాపీ ఉందని వస్తుంది. రెండు కాపీలున్న బిడ్డకి తల్లిదండ్రులు అలా ఉండడం మామూలే. దాంతో జీన్ తప్పు రుజువు కాదు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న అక్కో, అన్నో, పెదనాన్న పిల్లలో ఉంటే వాళ్లలో చూడడం వల్ల ఎక్కువ లాభం. వాళ్లలో ఎవరికైనా రెండు కాపీలుండి, ఏ జబ్బూ లేకపోతే ఈ మార్పును పక్కన పెట్టేయవచ్చు. మీకు బాబు ఒక్కడే అని రాశారు కాబట్టి ఇది మీకు అంతగా వర్తించకపోవచ్చు.

ఎక్సోమ్‌లో పెద్ద పెద్ద ముక్కలు ఎగిరిపోవడం, రెట్టింపు కావడం అన్నిసార్లూ దొరకవు. వాటిని చూసే మైక్రోఅర్రే పరీక్ష, అందులో ఎస్‌ఎన్‌పీ రకం, చేయించకపోతే చేయించండి. మేనరికం వల్ల ఏయే చోట్ల రెండు కాపీలూ ఒకేలా ఉన్నాయో కూడా అదే చూపిస్తుంది, వెతకాల్సిన చోటు తగ్గుతుంది. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో జన్యు వ్యాధుల పరీక్షల విభాగం ఉంది, పరిశోధన కింద చూసే అవకాశం ఉందేమో మీ డాక్టర్ ద్వారా అడగండి.

జెడ్‌ఏసీఎన్ నిజంగానే జబ్బు తెచ్చే జీన్ అయ్యే అవకాశం బొత్తిగా లేదా అని మీకు అనుమానం ఉండవచ్చు. లేదని నేననను. రేపు ఒకరికొకరు సంబంధం లేని నాలుగైదు కుటుంబాల్లో ఇదే రకం పిల్లలు, ఇదే జీన్‌లో రెండు కాపీలూ మారి కనిపించి, ఆ మార్పులున్న ఛానల్ కణాల్లో సరిగా పనిచేయడం లేదని ఎవరైనా విద్యుత్ కొలతలతో చూపిస్తే, నేను ఈ జవాబును మార్చుకుంటాను. అలాంటి కుటుంబాలను ఒకచోట చేర్చడానికే జీన్‌మ్యాచర్ అనే వేదిక ఉంది. మీ డాక్టర్ గానీ ల్యాబ్ గానీ పేరు బయటపడకుండా బాబు వివరాలు అందులో పెట్టవచ్చు. ఇంకెక్కడో ఇంకో డాక్టర్ ఇదే జీన్ పెట్టి ఉంటే ఇద్దరికీ కబురు వస్తుంది. మీరు అడిగితే చాలామంది డాక్టర్లు కాదనరు. అయితే తేలని మార్పుల్లో తర్వాత తేలినవి ఎక్కువగా "హాని లేనిది" వైపే పోతాయి. కాబట్టి ఆ కబురు కోసం కూర్చోకండి.

ఈలోపు ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానొద్దు. "కారణం తెలియలేదు కదా, మందు ఎందుకు" అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం విన్నాను. ఫిట్స్ మందు కారణం కోసం కాదు, ఫిట్స్ ఆగడం కోసం. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉందా? లేకపోతే ఈసారి రాయించుకోండి. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే కొట్టాలి, ఎలాగో నర్సు దగ్గర ఒకసారి చేసి చూపించుకోండి. మాటల కోసం స్పీచ్ థెరపీ కూడా జీన్ తేలేదాకా ఆగనక్కర్లేదు.

అర్రే రిపోర్ట్ చేతికొచ్చాకో, వెన్నునీరు చేయించాకో అంకెలు ఇక్కడే కింద రాయండి, చూస్తాను. బాబు పేరూ ఆసుపత్రి పేరూ కనిపించే ఫొటోలు మాత్రం పెట్టకండి, ఇప్పుడు పెట్టినదాన్ని కూడా తీసేయండి.